కపాలితో వియ్యం

నమోదు 212

ఆట పేరు: నెత్తురు గోదా. ఆడినది: సీపాన తవిటమ్మ, నాలుగో సుత్తి. మార్కులు: పదికి నాలుగు.

షిఫ్టు దిగాక ఆట మీద అభిప్రాయం రాయకపోతే ఆ రోజు జీతం పడదు. అందుకని రాస్తున్నాను. "రెండు మాటల్లో చెప్పండి" అంటుంది తెర. నాకు రెండు మాటలు చాలవు.

ముందు మంచి. గుద్దుకి బరువుంది. ఈ చంద్రుడి మీద దేనికీ బరువు లేదు. అన్నం గిన్నెకి లేదు, మనిషికి లేదు, మేనేజరు ఉదయభాస్కర్ గారి మాటకి అసలే లేదు. ఆటలో నా ఎదుటివాడు కపాలి. వాడి దవడ మీద గుద్దితే మాత్రం చేతి తొడుగులోంచి మోచేతి దాకా దిమ్మెక్కుతుంది. ఎముక విరిగిన చప్పుడు కూడా దొంగ చప్పుడు కాదు. బయట గాలి లేని చీకటి గోతిలో మా సుత్తి మంచుగోడని పగలగొడుతుంటే దాని ఇనుములోంచి వచ్చే చప్పుడే అది. గోడకి బీట ఎక్కడుందో యంత్రం చూసుకుని, సరిగ్గా అక్కడ కపాలికి మోకాలో మెడో పెడుతుంది. ఇక్కడ నేను మెడ విరిస్తే అక్కడ మంచు పెళ్ళ ఊడిపడుతుంది. అదే కరిగి మా వార్డు కుళాయిలో నీళ్ళవుతుంది. పూర్వం బొమ్మ లేకుండా వట్టి గోడే చూపించేవారట. అందరూ సీట్లోనే గుర్రుపెట్టేవారట. కొట్టడానికి మనిషిని పెట్టాక ఒక్కరూ నిద్రపోలేదు.

ఇక చెడ్డ. కపాలిని చంపగానే నా బొమ్మ వాడి శవం మీదకెక్కి, రొమ్ము బాదుకుని, మూడు చుట్లు తిరిగి, పైకి పిడికిలి చూపిస్తుంది. ఈ నాట్యాన్ని ఆపే మీట లేదు. బయట సుత్తి కూడా అదే చేస్తుంది. ఇల్లంత ఇనుము, ఎవరూ చూడని గోతిలో, పని మానేసి గిరగిరా తిరుగుతుంది. పోయిన నెల రెండో సుత్తి ఇలాగే నాట్యమాడి దీపస్తంభాన్ని పడగొట్టింది.

నెత్తురొకటి. చారు గిన్నె ఒలికినట్టు తెరంతా కారుతుంది. అది జారిపోయేదాకా నాకు కపాలి కనపడడు. వాడికి మాత్రం నేను కనపడతాను. ఆ సందులో నా పిక్కల మీద తన్నిందే తన్నుతాడు. పుర్రెల మొలతాడు కట్టుకున్న ఆరడుగుల మనిషి, పిక్కల మీద తన్నడానికి సిగ్గుండాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం, వాడికి మాట లేదు. గుర్రుమంటాడు, అంతే. నోరులేనివాడి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? నన్ను ఈ పనిలోకి తీసుకున్నదే కోపం చూసి. కంపెనీవాళ్ళు నన్ను ఒక కిటికీ దగ్గర నిలబెట్టి నిలబెట్టి, చివరికి "ఇది కాదమ్మా, పక్క కిటికీ" అన్నారు. నేను కిటికీ పీకి వాళ్ళ చేతిలో పెట్టాను. ఆ రోజే ఉద్యోగం. అంత కోపానికి తగ్గవాడు దొరకాలా వద్దా? కపాలి చేత మా మాట మాట్లాడించండి. ఒక్కసారి మా యాసలో తిడితే గోడ మొత్తం దించేస్తాను. ఇది రాసుకోండి.

నమోదు 220

మార్కులు: అవే.

రాసుకున్నారట. ఉదయభాస్కర్ గారు స్వయంగా వచ్చి చెప్పారు. ఎండ అనేది పడని ఈ గోతిలో సూర్యుడి పేరున్నది ఆయన ఒక్కడికే.

"తవిటమ్మా, నీ సూచన ఆట తయారుచేసేవాళ్ళకు చాలా నచ్చింది. మీ మాట తీరు నేర్పడానికి క్యాంటీన్లో మైకులు పెడుతున్నారు. మీరు మామూలుగా ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుకోండి."

మా జట్టు మొత్తం ముగ్గురం. మూడో సుత్తి ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుంది. మొదటి సుత్తి ముద్దాడ అప్పలనర్సమ్మ పిన్నిది. మనవలున్న మనిషి. కపాలి తల తీసేటప్పుడు కూడా నోట్లో చెక్కపొడి కలిపిన వక్క నములుతూనే ఉంటుంది. రెండో సుత్తి లోపింటి గన్నెయ్య మావది. తలుపులోంచి పక్కకి తిరిగి దూరేంత మనిషి. చంపిన ప్రతిసారీ "సెమించు బాబూ" అంటాడు. నాకు వీళ్ళు చుట్టాలు కారు. మా అమ్మానాన్నా గాలి పైపు పగిలిన ఏడు పోయారు. చదువు కూడా నాకు ఎవరూ చెప్పలేదు. సుత్తుల మీద అతికించిన హెచ్చరికలు చూసి నేర్చుకున్నాను. అందుకే నేనేం రాసినా ప్రమాదం ముంచుకొస్తున్నట్టే ఉంటుందని ఉదయభాస్కర్ గారు అంటారు.

పిన్నికి వార్డు తోటలో ఒక గోంగూర మడి ఉంది. రెండుసార్లు వేస్తే రెండుసార్లూ పోయింది. ఈసారి మోకాలెత్తు లేచింది. ఈ వార్డులో పుట్టినవాళ్ళం ఎవరమూ గోంగూర రుచి చూడలేదు. "మొదటి ముద్ద నీకేనే, కోపిష్టిదానా" అంది పిన్ని. ఆట అభిప్రాయంలో గోంగూర ఎందుకంటారేమో. ఆగండి, వస్తుంది.

నమోదు 231

మార్కులు వేయను. ఇదేం ఆట?

కొత్త కూర్పు వచ్చింది. తెర వెలిగింది. పొగలోంచి కపాలి వచ్చాడు. పుర్రెల మొలతాడు, చేతిలో గొడ్డలి, ఒంటికన్ను, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. నేను పిడికిలెత్తాను.

"ఏటమ్మా, తిన్నావా?" అన్నాడు.

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇది చదివేవాళ్ళు ఏ దేశంవాళ్ళో నాకు తెలియదు. మా వాళ్ళలో ఆ మాటకి జవాబు చెప్పకుండా చెయ్యి విసిరే మనిషి పుట్టలేదు.

"తిన్నాను" అన్నాను.

"ఏటి కూర?"

"సోయా ముద్ద."

"అయ్యయ్యో, ఇయ్యేలా అదేనేటి? ఒంటికేటి పడతాదది?" అని గొడ్డలి కింద పెట్టి కూర్చున్నాడు. గంట కొట్టేశారు. ఆట సమానం. గోడ నుంచి గవ్వంత మంచు రాలలేదు.

జరిగింది ఏమిటంటే, క్యాంటీన్లో మైకులు పెట్టారు కదా. క్యాంటీన్లో మేం తిట్టుకోము. ఏం తిన్నావు, మోకాలి నొప్పి తగ్గిందా, మీదే ఊరు, ఎవరమ్మాయివి, పలానావాళ్ళకి సంబంధం కుదిరిందా, పెళ్ళిలో ఏం పెట్టారు, ఏం పెట్టలేదు. మా మాటంతా అదే. కపాలికి అదే నేర్పారు.

నమోదు 233

మార్కులు: సున్న. సున్న కన్నా తక్కువ వెయ్యనివ్వడం లేదు.

ఈ రోజు కపాలి ఊళ్ళు అడిగాడు. మూడు సీట్లకీ కపాలి ఒక్కడే. ఒకరితో అన్నది ఇంకొకరి దగ్గర మరిచిపోడు.

"మీదేవూరమ్మా?"

"ఇక్కడే పుట్టినాను. మా మామ్మది పలాస పక్క."

"పలాసేటి! మా పెద్దమ్మనక్కడే ఇచ్చినాం. అయితే నువ్వు నాకు సెల్లి వరస."

ఒళ్ళు మండి ఒక్కటి గుద్దాను. పక్కటెముక విరిగింది. వాడు నెత్తురు తుడుచుకుని, "పర్నేదులే. నీ సెయ్యి నొప్పెట్టిందేటి సెల్లీ?" అన్నాడు.

తొడుగులు విసిరేసి బయటికొచ్చాను. అక్కడ గన్నెయ్య మావ ముందే వచ్చి కూర్చుని కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"నన్ను బావా అన్నాడే తవిటీ. ఆడి మెడ ఎలగ ఇరుస్తాను?"

"అది బొమ్మ మావా!"

"బొమ్మే. ఇనాయకుడూ బొమ్మే. తన్నుతావేటి?"

పిన్ని వైపు తిరిగాను. ఆ మనిషైనా కొట్టి ఉంటుందని. వక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుంది. "నాకు కొడుకు వరసయ్యాడే. మంచోడే పాపం. ఆడికీ మోకాలి నొప్పట" అంది.

మోకాలి నొప్పి ఉండదా? మొన్నటి దాకా విరిచింది ఈవిడే కదా!

నమోదు 238

మంచు సగానికి సగం పడిపోయింది. ఉదయభాస్కర్ గారు మమ్మల్ని ముగ్గురినీ పిలిచారు.

"ఈ పక్షం లెక్క ఇలాగే ముగిస్తే వార్డుకు నీళ్ళు సగం చేస్తారు. తోట కుళాయి ఈ రోజు నుంచే కట్టేయమన్నారు. నా చేతుల్లో లేదు."

"పాత కూర్పు పెట్టించండి" అన్నాను.

"రాశానమ్మా. భూమి మీద నుంచి జవాబు వచ్చింది. ఇంత ఆదరణ ఏ కూర్పుకీ రాలేదట. తీయడం కుదరదంటున్నారు."

"నేను సున్నా వేస్తున్నాను కదా!"

"గన్నెయ్యగారు రోజూ పదికి పది వేస్తున్నారు. 'చాలా మర్యాదస్తుడు' అని రాస్తున్నారు. అప్పలనర్సమ్మగారు కూడా పది."

నేను మావ మీద పడ్డాను. "ఎందుకేసినావు పది?"

"అడిగినప్పుడు తక్కువెలగేస్తామే? మొకమ్మీద కొట్టినట్టుండదా?"

మొహం మీద కొట్టడానికే కదయ్యా జీతం ఇస్తున్నది!

తిరిగి వస్తూ తోట దగ్గర ఆగాను. గోంగూర ఆకులు కొసలు వంచేశాయి. పిన్ని తన వంతు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి మొదళ్ళలో పోస్తోంది. సగం గ్లాసు. మిగతా సగం తాగిందేమోనని చూశాను. పెదాలు పొడిగా ఉన్నాయి. నన్ను చూసి గ్లాసు కొంగు చాటున పెట్టుకుంది.

"నాకేటి దాహం? ముసలిదాన్ని" అంది.

ఎవరినైనా చంపాలని ఉంది. చంపడానికి ఉన్నది వాడొక్కడే. వాడేమో చెల్లీ అంటాడు.

నమోదు 240

చేసినవన్నీ రాస్తున్నాను.

చెవుల్లో దూది పెట్టుకుని ఆడాను. తెర కింద వాడి మాటలు అక్షరాల్లో వచ్చాయి. చదవడం నేర్చుకున్నందుకు మొదటిసారి ఏడుపొచ్చింది.

కళ్ళు మూసుకుని ఆడాను. నా సుత్తి వెళ్ళి పిన్ని సుత్తిని కొట్టింది. రెండూ చిక్కుపడ్డాయి. విడిపించేసరికి షిఫ్టు అయిపోయింది.

నేనే ముందు తిడితే వాడూ తిడతాడని, "ఒరే పుర్రెలోడా, పిక్కలమీద తన్నే ఎదవా, బేగి రారా, నీ పీక పిసికేస్తాను" అని నాకొచ్చినవన్నీ ఊపిరి పీల్చకుండా తిట్టాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకు సిన్నప్పట్నుంచీ కోపమేలే సెల్లీ. మామ్మ పోలిక" అన్నాడు.

మామ్మ పోలిక అని నాతో ఇంతకుముందు ఎవరూ అనలేదు. అనడానికి ఎవరూ మిగల్లేదు. వాడికేం తెలుసని అన్నాడు? క్యాంటీన్లో ఎవరో ఎవరితోనో అన్న ముక్క అది, నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి లేవలేదు. దీనికి మార్కులు అడగకండి.

నమోదు 242

గన్నెయ్య మావకి పిచ్చెక్కింది.

షిఫ్టు దిగి అందరికీ పంచదార పంచాడు. "మా నీలమ్మకి సమ్మంధం కుదిరింది" అన్నాడు. నీలమ్మ ఆయన కూతురు, గాలి శుద్ధి చేసే చోట పని.

"ఎవరబ్బాయి?" అంది పిన్ని.

"కపాలి బావకో కొడుకున్నాడట. బుద్ధిమంతుడట. వక్క కూడా ముట్టడట."

నేను నోరు తెరిచేలోపు నీలమ్మే అడిగింది. "పెళ్ళికొడుకు ఎక్కడుంటాడు నాన్నా?"

"తెర ఎనకాల."

"వంటా వార్పూ?"

"అక్కర్నేదు."

"అయితే సరే" అని పంచదార నోట్లో వేసుకుని పనికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఒక్క నీలమ్మకే.

మావ మాత్రం నిజంగానే మాట ఇచ్చి వచ్చాడు. ఆటలో ప్రత్యర్థితో వియ్యమందిన మనిషి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. వెళ్ళి చూసొస్తాను.

నమోదు 243

ఇది నెమ్మదిగా రాయాలి.

పెళ్ళి ఏర్పాట్లు మాట్లాడుకుంటామని మావ పొద్దున్నే సీటెక్కాడు. నేను నా సీట్లో కపాలితో మోకాలి నొప్పికి పట్టు వెయ్యడం గురించి మాట్లాడుతున్నాను. అంతలో పక్కనుంచి కేక. గన్నెయ్య మావ గొంతు అంత పెద్దదని ఈ వార్డులో ఎవరికీ తెలియదు.

"ఏటన్నారు బావగారూ? మావోళ్ళకి రెండో బంతేటి?"

నేనూ పిన్నీ సీట్లు దిగి అద్దంలోంచి చూశాం. తెర మీద కపాలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా ఇళ్ళల్లో మగపెళ్ళోరే ముందు తింటారు బావగారూ. మీకు తెల్దేటి?"

"మీ ఇళ్ళేటి? పుర్రెలు కట్టుకు తిరిగేవోళ్ళకి ఇళ్ళేటి? మర్యాదగా సెప్తన్నాను బావగారూ!" అంటూ మావ వాడి దవడ పగలగొట్టాడు. బయట గోడ ఫెళ్ళున విరిగింది.

కపాలి లేచాడు. "ఇడిదిలో మాకు సల్లారిన కాఫీ ఇచ్చినారు. నాను నోరెత్తినానా?"

"సల్లారిన కాఫీయా! తెల్లారకుండా లేసి కాసినాది మా ఆడది!" మోకాలు. "రైలు దిగితే మావోళ్ళకి ఎదురొచ్చినారా ఒక్కరైనా?" మెడ. "పప్పులో నెయ్యేదీ?" రెండో మెడ. ఎన్నడూ పెళ్ళి జరగలేదు, రైలు లేదు, కాఫీ లేదు. అయినా మావ ముఖం ఎర్రగా కందిపోయింది. ప్రతి దెబ్బకీ బావగారూ అంటున్నాడు. ఒక్కసారి కూడా గారు మరిచిపోలేదు. గోడ మీద నుంచి గుడిసెలంత పెళ్ళలు దొర్లుతున్నాయి.

క్యాంటీన్లో మేం తిట్టుకోమని రాశాను కదా. తప్పు. పెళ్ళిళ్ళ గురించి మాట్లాడేటప్పుడు తిడతాం. ఎవరికో ఎప్పుడో జరిగిన అమర్యాదలన్నీ నిన్న జరిగినట్టు తిడతాం. అవి కూడా మైకుల్లోకి వెళ్ళాయి. కపాలి కడుపులో అవన్నీ ఉన్నాయి. సమయం రాలేదంతే.

ఉదయభాస్కర్ గారు పరిగెత్తుకొచ్చారు. "ఏమిటండీ ఇది? ఈ పెళ్ళి నిజమా?"

"నిజమా అబద్దమా పక్కనెట్టు బాబూ" అంది పిన్ని, వక్క ఉమ్మేసి తొడుగులు వేసుకుంటూ. ఆవిడ వక్క ఉమ్మెయ్యడం నేను మొదటిసారి చూశాను. "నా కొడుకై ఉండి, నా మనవడికి సమ్మంధం సూసి, నాకొక్క ముక్క సెప్పనేదు ఆడు. ఏదీ, ఆ ముందర నిలబడమను."

అప్పుడు నాకు వెలిగింది. కపాలి నాకు అన్న. వాడి కొడుక్కి పెళ్ళి. అంటే నేను ఎవరిని? పెళ్ళికొడుకు మేనత్తని! పెళ్ళిలో ఆడపడుచుకి కోపం రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సీటెక్కాను. "అన్నా" అన్నాను. "సమ్మంధం కుదిరిందని నాకు ఊరోళ్ళు సెప్పాలేటి?"

వాడు గొడ్డలి దించాడు. నీళ్ళు నమిలాడు. "సెప్దామనే సెల్లీ. పన్లల్లో పడి మర్సిపోనాను."

మరిచిపోయాడట.

నేను నటిద్దామనే మొదలుపెట్టాను. ఆ మాటతో నటన ఎటు పోయిందో తెలియదు. "మర్సిపోనావా? ఉన్నదొక్క సెల్లి, అది గుర్తు రానేదా నీకు? నాకు మాత్రం ఎవులున్నారు సెప్పడానికి?" అని అరిచాను. ఆ తర్వాత తెర నిండా నెత్తురే. నాకేమీ కనపడలేదు. కనపడక్కర్లేకపోయింది. గంట కొట్టినా ఆపలేదట. పిన్ని వచ్చి తొడుగులు ఊడదీసి, నా తల తన కడుపుకి ఆనించుకుని, "చాలే, చాలు. గోడయిపోయిందే" అంది.

నిజంగానే ఆ వైపు గోడ అయిపోయింది. ఖాళీ గోతిలో మా మూడు సుత్తులూ ఒకేసారి రొమ్ము బాదుకుని నాట్యం చేస్తున్నాయి. మళ్ళీ దీపస్తంభం పడింది.

నమోదు 246

తోట కుళాయి తెరిచారు. గోంగూర తలెత్తింది. పిన్ని గ్లాసెడు నీళ్ళు నా ఎదురుగా నిలబడి తాగింది, నేను తాగమన్నాను కాబట్టి.

"పెళ్ళయిపోతే మళ్ళీ మొదటికొస్తాం కదా పిన్నీ?" అని అడిగాను.

నా వైపు జాలిగా చూసింది. "పెళ్ళితో గొడవైపోద్దనుకున్నావేటే, పిచ్చిమొకమా? అప్పుడే కదా మొదలు. సారెలో అరిసెలు గట్టిగున్నాయని ఒకేడు ఆడుకోవచ్చు."

నమోదు 251

ఆట: నెత్తురు గోదా. ఆడినది: సీపాన తవిటమ్మ, నాలుగో సుత్తి.

ఈ రోజు గోంగూర కోశాం. క్యాంటీన్ పొయ్యి మీద పిన్నే వండింది. ఎండుమిరపకాయ ఒకటే దొరికింది. ఉదయభాస్కర్ గారు వాసనకి వచ్చి గుమ్మంలో నిలబడితే ఆయనకీ పెట్టాం. పిన్ని మొదటి ముద్ద నాకే పెట్టింది. పుల్లగా తగలగానే నా కళ్ళు మూతపడి, భుజాలు పైకి లేచి, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. "అచ్చు కోపం లాగే ఉంది" అన్నాను. గన్నెయ్య మావ పగలబడి నవ్వాడు.

తిని షిఫ్టుకి వెళ్ళాను. పొగలోంచి కపాలి వచ్చాడు. తిన్నావా అని అడగలేదు. ముఖం పక్కకి పెట్టుకున్నాడు.

"గోంగూరొండుకున్నారట" అన్నాడు.

క్యాంటీన్ మైకులు ఇంకా తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఊళ్ళో అందరికీ ఎట్టినారట. ఆ మేనేజరుకి కూడానట. నన్నొక్క మాట పిలిసినారేటి?"

నా జవాబు కోసం వాడు ఆగలేదు. ఇన్నాళ్ళూ వాడు కొట్టినవి దెబ్బలు కావు. ఈసారి పిక్కల జోలికే రాలేదు. ఎదురుగా వచ్చి, నేను కాచుకున్న చెయ్యి మీంచే కొట్టాడు. ఆరు మీటలు వరసగా నొక్కితే గానీ రాని నా గిరగిర తన్నుని ఒంటిచేత్తో పట్టుకున్నాడు. నాలుగో సుత్తి చరిత్రలో నేను మొదటిసారి ఓడిపోయాను. నా మెడ విరిగిన చప్పుడు నేనే విన్నాను. చాలా బాగుంది.

వాడు నా మీదకెక్కి నాట్యం చేస్తాడని చూశాను. చెయ్యలేదు. చెయ్యి చాచాడు. "లెగు సెల్లీ. ఎక్కడ తగిలినాది?" అన్నాడు.

మార్కులు: పదికి తొమ్మిది. ఒకటి నాట్యానికి కోశాను. మాకు ఇంకా ఆపే మీట ఇవ్వలేదు. వాడికెలా వచ్చిందో కనుక్కుని మాకూ పెట్టండి.

గిన్నె అడుగున కొంచెం కూర మిగిలింది. రేపు షిఫ్టుకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళి తెర ముందు పెడతాను. వాడు తినడని నాకూ తెలుసు. కానీ పిలవలేదన్న మాట నేను పడలేను.